పదకొండు నిమిషాల దూరం

స్కార్విక్‌కీ ఈస్‌నెస్‌కీ మధ్య ఉన్న సముద్రాన్ని ప్రభుత్వం నవంబరు పద్నాలుగున ఉదయం పది గంటలకు రద్దు చేసింది.

రాజధానిలో జరిగిన పత్రికా సమావేశంలో ఆరోగ్య శాఖ ఉప మంత్రి సిగ్‌బ్యోర్న్ హాల్‌ఫోస్ గారు ఈ శుభవార్తను స్వయంగా ప్రకటించారు. "మన ఉత్తరాది ప్రజలు దూరం, దూరం అని తరతరాలుగా బాధపడుతున్నారు. ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ఆ దూరాన్ని కొలిచిన పాపాన పోలేదు. మేం కొలిపించాం. రెండు విమానాశ్రయాల మధ్య ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. ప్రయాణ సమయం పదకొండు నిమిషాలు. నేను మా ఇంటి నుంచి ఆఫీసుకి రావడానికి ఇరవై ఆరు నిమిషాలు పడుతోంది. ఇప్పుడు చెప్పండి, మారుమూల ఉన్నది ఎవరు? నేను!" అన్నారు. విలేకరులు జాలిపడుతూ రాసుకున్నారు.

పదకొండు నిమిషాలే తేడా ఉన్నప్పుడు అవి రెండు ఊళ్ళు కావు, ఒక ఊరికి రెండు వీధులు. ఒక ఊరికి రెండు పురిటి గదులు దేనికి? అంచేత జనవరి ఒకటో తారీఖు నుంచి స్కార్విక్ పురిటి గది మూసేస్తారు. స్కార్విక్ ఆడవాళ్ళు హాయిగా విమానమెక్కి ఈస్‌నెస్ వెళ్ళి కంటారు. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ పల్లెటూరి గర్భిణికి ఇంతటి వైభోగం లేదని ఉప మంత్రి గారు ముగించారు.

ఈ మాటలు రేడియోలో వస్తున్నప్పుడు అర్న్‌ఫిన్ స్కార్విక్ విమానాశ్రయంలో ఎవరిదో పిల్లల బండిని సామాను తూకం మీద పెడుతున్నాడు. పదకొండు అనే మాట వినగానే అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది. పురిటి గది అనే మాట వినగానే పొంగిన ఛాతీ అలాగే ఆగిపోయింది, ఎటు పోవాలో తెలియక.

ఎందుకంటే ఆ పదకొండు అతనిదే.

స్కార్విక్ విమానాశ్రయం అంటే ఎనిమిది వందల మీటర్ల తారు, ఒక గది, ఒక కాఫీ మెషీను, అర్న్‌ఫిన్. పైన గాజు గదిలో గాలివాటం చెప్పే మనిషి ఒకడున్నాడు గానీ అతను కిందికి దిగడు. కింద ఉన్న పనులన్నీ అర్న్‌ఫినే చేస్తాడు. నీలం జాకెట్టు వేసుకుని టికెట్లు చూస్తాడు. అది విప్పి బూడిదరంగు జాకెట్టు వేసుకుని సామాన్లు ఎక్కిస్తాడు. అది కూడా విప్పి పసుపు జాకెట్టు వేసుకుని అగ్నిమాపక బండిలో కూర్చుంటాడు. అతను పసుపు జాకెట్టులో కూర్చునేదాకా విమానం కదలకూడదని చట్టం. కాబట్టి విమానం బయలుదేరే వేళ ఇంజను మీద ఆధారపడదు, అర్న్‌ఫిన్ గుండీల మీద ఆధారపడుతుంది. ఇవి కాక ఇంటి దగ్గర మేకుకి నల్ల తోలు జాకెట్టు ఒకటుంది. అది వేసుకుంటే అతనే ఊరి టాక్సీ.

ఇన్ని పనుల మధ్యా అర్న్‌ఫిన్‌కి సొంత సరదా ఒకటుండేది. చక్రాలు నేల వదలగానే తండ్రి చేతి గడియారం చూసుకునేవాడు. అవతల ఈస్‌నెస్‌లో చక్రాలు నేల తాకాయని గాజు గది మనిషి అరవగానే మళ్ళీ చూసుకునేవాడు. వెనక గాలైతే పది, ఎదురు గాలైతే పదమూడు, సగటున పదకొండు. పదేళ్ళు లెక్కపెట్టాడు. దేశంలో ఇంతకంటే పొట్టి ప్రయాణం లేదని యాత్రికులకి చెప్పేవాడు. వాళ్ళు నమ్మకపోతే, "నిజమే. నేనే లెక్కపెట్టాను" అనేవాడు. ఊళ్ళో అతనికి ఉన్న గొప్ప అదొక్కటే.

కిందటి వసంతంలో ఆరోగ్య శాఖ నుంచి ఒక ఫారం వచ్చింది. అందులో ఆరో ప్రశ్న: సమీప విమానాశ్రయానికి గాలిలో పట్టే సమయం ఎంత? అర్న్‌ఫిన్ ఆ ఫారాన్ని ఇంటికి తీసుకెళ్ళి, చేతులు కడుక్కుని, మంచి పెన్ను వెతికి, పదకొండు అని రాశాడు. నేల మీద పట్టే సమయం ఎంతని ఎక్కడా అడగలేదు. అడగలేదు కాబట్టి రాయలేదు. ఫారంలో అడగనిది రాయడం ఆ దేశంలో దొంగతనం తర్వాత మెట్టు. కింద సంతకం పెట్టి, పేరు పెద్దక్షరాలతో మరోసారి రాశాడు, ఎవరికైనా అభినందించాలనిపిస్తే ఇబ్బంది పడకుండా.

రేడియోలో ఆ వార్త వచ్చిన సాయంత్రం అర్న్‌ఫిన్ ఇంటికి వెళ్ళేసరికి కూతురు ఇంగ్‌విల్ వంటింట్లో కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఆరు నెలల కడుపు. మొగుడు చేపల ఓడ మీద ఉత్తరాన ఎక్కడో ఉన్నాడు, ఈస్టరుకి గానీ రాడు.

"నాన్నా, రేడియోలో నీ పదకొండు వచ్చింది."

"విన్నానమ్మా."

"సంబరంగా ఉందా?"

"లెక్క తప్పు కాదు తల్లీ."

"లెక్క ఎందుకు తప్పవుతుంది? తప్పు నాది. ఫిబ్రవరి ఏడుకి పెట్టుకున్నాను."

అర్న్‌ఫిన్ రొట్టె మీద గోధుమరంగు జున్ను కోసుకుంటూ ఉండిపోయాడు. అవసరమైన దానికంటే చాలా ఎక్కువ కోశాడు.

తలుపు తట్టకుండా మంత్రసాని గున్‌వోర్ వచ్చింది. అరవై ఒక్కేళ్ళ మనిషి. ఊళ్ళో ముప్ఫై నాలుగు దాటనివాళ్ళందరూ ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్ళే కాబట్టి ఆమె ఎవరికీ తలుపు తట్టదు.

"ఒరే అర్న్‌ఫిన్, ముప్ఫై నాలుగేళ్ళు ఈ చేతులతో పిల్లల్ని తీశాను. ఆ గదికి రంగులు మన ఊరి వాళ్ళే వేసుకున్నారు. కర్టెన్లు మహిళా సంఘం కుట్టింది. నువ్వేమో ఒక్క పెన్ను గీతతో గది మూయించావు. నీ అంతటి సమర్థుడు ఈ జిల్లాలో లేడురా."

"అడిగిందే రాశాను గున్‌వోర్."

"అదే చెప్తున్నా. అడిగిందే రాసేవాడికంటే ప్రమాదకరమైన మనిషి ఉండడు."

అర్న్‌ఫిన్ ఆ రాత్రే మంత్రిత్వ శాఖకి ఉత్తరం రాశాడు. 'అయ్యా, పదకొండు నిమిషాలు నిజమే. అయితే దానికి ముందు విమానాశ్రయానికి రావడం, తూకం, రెక్కల మీద మంచు కడగడం, నా జాకెట్లు మూడు మార్చడం ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా విమానాశ్రయానికి తాళం. అడ్డగాలి వీస్తే అసలు విమానమే లేదు. నిరుడు జనవరిలో పంతొమ్మిది రోజులు అలా పోయాయి. రోడ్డు మీద అయితే సముద్రపు పాయ చుట్టూ తిరిగి రెండు వందల పద్నాలుగు కిలోమీటర్లు, నాలుగు గంటలు, కొండ మీద మంచు తుపాను లేకపోతే.'

జవాబు చాలా మర్యాదగా వచ్చింది. 'మీ పదకొండు నిమిషాలకు కృతజ్ఞతలు. మీరు పేర్కొన్న తక్కిన నిమిషాలు నేల మీద గడిచేవి కనుక రవాణా శాఖకు పంపడమైనది.' రవాణా శాఖ ఇంకా మర్యాదగా రాసింది: 'నేల మీద గర్భిణులకు గడిచే నిమిషాలు ఆరోగ్య శాఖవి.' రెండు ఉత్తరాలనూ అర్న్‌ఫిన్ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండింటిలోనూ ఒక్క అక్షరం తప్పు లేదు.

డిసెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ప్రజలు స్కార్విక్ బడి వ్యాయామశాలలో కూర్చున్నారు. ఉప మంత్రి గారు రాజధానిలో కూర్చుని తెర మీద కనిపించారు. దూరం అనేది లేదని నిరూపించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని ఆయన సలహాదారు పెర్నిల్లె ముందే చెప్పింది.

గున్‌వోర్ లేచింది. "శనివారం మధ్యాహ్నం నొప్పులొస్తే ఏం చెయ్యాలి?"

"మంచి ప్రశ్న" అన్నారు హాల్‌ఫోస్ గారు. "గణాంకాల ప్రకారం వారంలో ఆరు రోజులు మీరు పూర్తిగా క్షేమం."

"ఏడో రోజు?"

"సగటు తీస్తే ఏడో రోజు కూడా చాలా వరకు క్షేమమే."

"అడ్డగాలి వీస్తే?"

"గాలి వాతావరణ శాఖ పరిధిలోది. పొరుగు శాఖ పనిలో వేలు పెట్టడం నా పద్ధతి కాదు."

వెనక బెంచీ నుంచి అర్న్‌ఫిన్ అందుకున్నాడు. "రోడ్డు మీద నాలుగు గంటలు పడుతుందయ్యా."

ఉప మంత్రి గారు చిరునవ్వు నవ్వారు. "చూడండి, పదకొండు నిమిషాల్లో చేరగల మనిషి నాలుగు గంటలు ప్రయాణం చేశారంటే అది వారి వ్యక్తిగత అభిరుచి. మా ప్రభుత్వం దాన్ని గౌరవిస్తుంది."

అంతటితో తెర ఆరిపోయింది. జనం ఆచారం ప్రకారం ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకుని, కుర్చీలు తామే మడిచి గోడకి ఆనించి, నేల ఊడ్చి వెళ్ళారు. తమను ముంచిన సభకైనా సరే, కుర్చీలు మడవకుండా వెళ్ళే జనం కాదు వాళ్ళు.

జనవరి మూడున పురిటి మంచం లారీలో ఈస్‌నెస్ వెళ్ళిపోయింది. విమానంలో పట్టలేదు. దానికి ఐదు గంటలు పట్టింది గానీ మంచానికి నొప్పులు రావు కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు.

రెండో వారంలో పెర్నిల్లె అర్న్‌ఫిన్‌కి ఫోన్ చేసింది.

"పదహారున ఉప మంత్రి గారు వస్తున్నారు. మీ విమానాశ్రయంలో పదకొండు నిమిషాల బోర్డు ఆవిష్కరించి, విమానంలో ఈస్‌నెస్ వెళ్ళి, అక్కడ మూడు గంటలకి టీవీ వాళ్ళ ముందు కేకు కోస్తారు. మాకొక గర్భిణి కావాలి."

"దేనికమ్మా?"

"పక్క సీట్లో కూర్చోవడానికి. నవ్వుతూ. మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?"

"ప్రస్తుతానికి ఒక్కతే."

"కెమెరాకి బాగుంటుందా?"

"నా కూతురు."

"ఓహో. అయితే బాగుంటుంది లెండి."

ఇంగ్‌విల్ మొదట ససేమిరా అంది. కానీ ఆ రోజే ఈస్‌నెస్‌లో ఆమెకి పరీక్ష ఉంది. టికెట్టు ఎలాగూ ఉంది. "పోనీ వెళ్దాం పద, నేనూ వస్తాను. ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది" అంది గున్‌వోర్. మూసేసిన గదికి బదులుగా ప్రభుత్వం ఆమెకి 'తోడు మంత్రసాని' అనే కొత్త హోదా ఇచ్చింది. అంటే ఆమె ఇక పురుడు పోయకూడదు, పురుటికి వెళ్ళేవాళ్ళ పక్కన కూర్చోవాలి.

పదహారో తారీఖు ఉదయం విమానం వేళకే దిగింది. హాల్‌ఫోస్ గారు మెట్లు దిగి, అగ్నిమాపక బండి పక్కన నిలబడ్డ పసుపు జాకెట్టుతో కరచాలనం చేసి పేరడిగారు. అర్న్‌ఫిన్ చెప్పాడు. తర్వాత తమ పెట్టె మోసిన బూడిదరంగు జాకెట్టుతో కరచాలనం చేసి పేరడిగారు. అర్న్‌ఫిన్ మళ్ళీ చెప్పాడు. లోపలికి వచ్చాక టికెట్ల బల్ల వెనక నీలం జాకెట్టుతోనూ అదే మర్యాద జరిగింది. ఉప మంత్రి గారు పెర్నిల్లె చెవిలో, "ఇంత చిన్న ఊరికి ఇంతమంది సిబ్బందా! రాసుకో. ఇక్కడ పొదుపుకి చాలా అవకాశం ఉంది" అన్నారు.

గోడ మీద అర్న్‌ఫిన్ నిన్ననే నాలుగు మరలతో బిగించిన బోర్డు ఉంది. నీలం గుడ్డ తీశారు. తెల్లక్షరాలు: 'స్కార్విక్ – ఈస్‌నెస్: 11 నిమిషాలు. దూరం మీకు దూరం.' చప్పట్లు కొట్టడానికి ఊరి నుంచి ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళలో ముగ్గురు కాఫీ మెషీను కోసం వచ్చారు.

తొమ్మిది నలభైకి బయలుదేరాల్సిన విమానం తూకం, రెక్కల కడుగుడు, అర్న్‌ఫిన్ గుండీలు అన్నీ అయ్యేసరికి పది ఇరవై రెండుకి నేల వదిలింది. అప్పుడు గానీ పెర్నిల్లె గడియారం మొదలవలేదు. కిందనుంచి అర్న్‌ఫిన్ కూడా చూసుకున్నాడు. అలవాటు.

పదకొండు నిమిషాలు గడిచాయి. గాజు గది మనిషి అరవలేదు.

ఇరవై నిమిషాలయ్యాక గాజు గది కిటికీ తెరుచుకుంది. "ఈస్‌నెస్‌లో అడ్డగాలి! దించలేక చుట్టూ తిరుగుతున్నారు."

"ఎంతసేపు తిరుగుతారు?"

"నన్నడుగుతావేంటి? గాలిని అడుగు."

పదకొండు గంటల పదకొండు నిమిషాలకి విమానం వచ్చి దిగింది, స్కార్విక్‌లోనే. అర్న్‌ఫిన్ తన పుస్తకంలో నిజాయితీగా రాసుకున్నాడు: ప్రయాణ సమయం నలభై తొమ్మిది నిమిషాలు, దూరం సున్నా.

ముందుగా హాల్‌ఫోస్ గారు దిగారు. ఆయన మొహం బూడిదరంగు జాకెట్టుకి సరిపోయేలా ఉంది. చేతిలో కాగితం సంచి ఉంది, అది ఖాళీగా లేదు. వెనక పెర్నిల్లె, "గడియారం ఆపాలా అండీ?" అని అడుగుతోంది. ఆ వెనక గున్‌వోర్ భుజం పట్టుకుని ఇంగ్‌విల్. బూట్ల దాకా తడిసిపోయి ఉంది.

"ఉమ్మనీరు పోయింది" అంది గున్‌వోర్. "ఆ కుదుపులకి ఏనుగు కూడా ఈనేస్తుంది. గది తాళం ఎవరి దగ్గరుంది?"

"తాళం తీసినా మంచం లేదు" అన్నాడు అర్న్‌ఫిన్. "గదిలో ఆఫీసు ప్రింటర్లు పెట్టుకున్నారు."

"అంబులెన్సు?"

"పొద్దున్నే తుంటి విరిగిన ముసలాయన్ని తీసుకుని ఈస్‌నెస్ వెళ్ళింది. హెలికాప్టరు ఈ గాలిలో ఎగరదు."

"ఇంట్లో కననివ్వచ్చు. కానీ మూడు వారాల ముందు, తొలి కాన్పు, బిడ్డ ఇంకా తిరిగీ తిరగకుండా ఉంది. డాక్టరు దగ్గరికి చేర్చాలి. టాక్సీ తియ్యి."

పెర్నిల్లె అడ్డొచ్చింది. "ఆ టాక్సీ మంత్రిత్వ శాఖ పేరున ఉంది. ముందు జాగ్రత్తకి నేనే మాట్లాడాను. ఉప మంత్రి గారు మూడింటికి కేకు దగ్గర ఉండాలి."

"తొమ్మిది సీట్ల బండి. కేకుకి ఒకటి, కడుపుకి ఒకటి. ఎక్కండి" అంది గున్‌వోర్.

అర్న్‌ఫిన్ ఇంటికెళ్ళి నల్ల జాకెట్టు వేసుకుని బండి తెచ్చాడు. విమానం లేదు కాబట్టి విమానాశ్రయానికి నిప్పు భయం లేదు. తాళం వేశాడు. ముందు సీట్లో కూర్చున్న హాల్‌ఫోస్ గారు చెయ్యి చాపి, "మీ పేరు?" అన్నారు. అర్న్‌ఫిన్ నాలుగోసారి చెప్పాడు.

మొదటి గంట రోడ్డు తెరిచే ఉంది. వెనక సీట్లో ఇంగ్‌విల్ మూలుగుతుంటే పెర్నిల్లె కిటికీలోంచి కొండల్ని మెచ్చుకుంది. ఉప మంత్రి గారు ఉపన్యాసం కాగితాలు తీసి పెదాలు కదుపుతూ వల్లె వేస్తున్నారు. అర్న్‌ఫిన్‌కి ఒక వాక్యం వినిపించింది: 'ఇప్పుడే విమానం దిగి వస్తున్నాను...'

కొండ కింద గేటు పడి ఉంది. పైన తుపాను. ఇలాంటప్పుడు మంచు తోసే బండి ముందు నడిస్తే దాని వెనక బళ్ళన్నీ తోక పట్టుకున్నట్టు వరసగా వెళ్ళాలి. గేటు దగ్గర రోడ్డు మనిషి ఒకడు ఎర్ర దీపం పట్టుకుని నిలబడ్డాడు.

"పైనున్న వరస దిగాలి. గంటంపావు" అన్నాడు.

హాల్‌ఫోస్ గారు అద్దం దించారు. "నేను ఆరోగ్య శాఖ ఉప మంత్రిని."

"అలాగా. అయితే మీది మూడో నంబరు. చేపల లారీ ముందొచ్చింది, తర్వాత ఆ పోస్టు బండి."

"లోపల కాన్పు మనిషి ఉంది!" అని అరిచాడు అర్న్‌ఫిన్.

రోడ్డు మనిషి దీపం ఎత్తి వెనక సీట్లోకి చూశాడు. గొంతు మారింది. "మొదటి నంబరు మీకే ఇస్తాను. లారీవాడు కూడా కాదనడు. కానీ దారి లేదు. ఎదురుగా నా చెయ్యి నాకే కనపడటం లేదు. నేనేం చెయ్యను చెప్పు."

పావుగంట గడవకుండా గున్‌వోర్ గొంతు లేచింది. "మీరిద్దరూ దిగండి."

"బయట మైనస్ తొమ్మిది!" అంది పెర్నిల్లె.

"లోపల పురుడు."

ఉప మంత్రి గారూ సలహాదారూ దిగి, మంచులో కాసేపు నిలబడి, చివరికి చేపల లారీ డ్రైవరు జాలిపడితే ఆయన పక్కన ఎక్కి కూర్చున్నారు. టాక్సీలో సీట్లు వాల్చారు. అర్న్‌ఫిన్ టార్చి పట్టుకున్నాడు. వెలుగు నిలకడగా లేదని గున్‌వోర్ తిట్టింది. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాన్నా, నావైపు చూడకు."

"చూడటం లేదు తల్లీ. గడియారం చూస్తున్నా."

"నీ గడియారం మండ!"

బిడ్డ వచ్చింది. మెడ చుట్టూ పేగు రెండు చుట్లు. రంగు నీలం. గున్‌వోర్ వేళ్ళు ఆ చుట్లు తప్పిస్తున్నాయి, వీపు రుద్దుతున్నాయి, నోట్లో వేలు పెట్టి తుడుస్తున్నాయి. చప్పుడు లేదు. గాలికి బండి ఊగుతోంది. ఇంగ్‌విల్, "ఏడవదేం? ఏడవదేం గున్‌వోర్?" అంటోంది. గున్‌వోర్ పిల్ల అరికాళ్ళు తడుతోంది. అర్న్‌ఫిన్ కళ్ళు తండ్రి గడియారం మీద ఉన్నాయి. సెకన్ల ముల్లు ఒక్కో గీతా దాటుతోంది. పదేళ్ళుగా చూస్తున్నా అది అంత నెమ్మదిగా నడవగలదని అతనికి తెలియదు. ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఇంకో అర చుట్టు తిరిగింది.

బిడ్డ ఏడ్చింది.

"ఆడపిల్ల" అంది గున్‌వోర్, మొహం మోచేత్తో తుడుచుకుంటూ. "తాత పోలికే. నోరు తెరవడం ఆలస్యం. తెరిచాక ఇక మూయదు."

టాక్సీ ఈస్‌నెస్ ఆస్పత్రి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. తల్లీ పిల్లా క్షేమం అన్నారు. స్కార్విక్ నుంచి లారీలో వచ్చిన మంచం మీదే పడుకోబెట్టారు. కాళ్ళ దగ్గర పరుపు మీద స్కార్విక్ మహిళా సంఘం కుట్టిన గుర్తు ఇంకా ఉంది.

హాల్‌ఫోస్ గారు చేపల లారీలో అంతకు పది నిమిషాల ముందే చేరారు. టీవీ వాళ్ళు ఓపిగ్గా కూర్చుని ఉన్నారు. కేకు మీద పంచదారతో చేసిన విమానం ఉంది. ఆయన రాసుకొచ్చిన ఉపన్యాసం రాసుకొచ్చినట్టే చదివారు: "ఇప్పుడే విమానం దిగి వస్తున్నాను. మిత్రులారా, అలసట అంటే ఏమిటో తెలియలేదు!" పంచదార విమానం రెక్క విరిచి ముందు వరసలో వాళ్ళకి పెట్టారు. ముందు వరసలో వాళ్ళు ముక్కులు మూసుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులు కావాలి కాబట్టి అది అంత తేలిక కాదు.

మార్చిలో మంత్రిత్వ శాఖ నుంచి అర్న్‌ఫిన్‌కి మరో ఉత్తరం, దానితో ఒక ఫారం వచ్చాయి.

'జనవరి పదహారు నాటి ప్రసవాన్ని పరిశీలించడమైనది. వాహనం మంత్రిత్వ శాఖ అద్దెకు తీసుకున్నది. అందులో మంత్రసాని ఉన్నారు. ఉప మంత్రి గారు పర్యవేక్షణకు అందుబాటులో, అనగా ముందున్న లారీలో ఉన్నారు. కనుక ప్రసవం ఆస్పత్రి వెలుపల జరిగినట్టు భావించరాదు. కొత్త విధానంలో ఇది తొలి కాన్పు. దేశానికే ఆదర్శం. అయితే సమయం గడి ఒక్కటి ఖాళీగా ఉండిపోయింది. కచ్చితమైన లెక్కలకు పేరుపడ్డ మీరే దానిని పూరించగలరని ఉప మంత్రి గారు స్వయంగా సూచించారు.'

ఫారంలో గంటల గడి లేదు. నిమిషాల గడి ఒక్కటే ఉంది, అందులో రెండంకెలకి మించి పట్టదు.

ఇంగ్‌విల్ పిల్లకి పాలిస్తూ తండ్రి భుజం మీదుగా చూసింది. "ఏం రాస్తావు? ఐదున్నర గంటలు అని అడ్డంగా రాయి. గడి దాటి రాయి. వాళ్ళ మొహాన కొట్టినట్టు రాయి."

"అడిగింది అది కాదమ్మా" అన్నాడు అర్న్‌ఫిన్. "ఎంతసేపు పట్టింది అని అడిగారు."

లేచి చేతులు కడుక్కున్నాడు. మంచి పెన్ను వెతికాడు. ఆ రోజు మొత్తంలో అతనికి సెకన్ల ముల్లుతో సహా తెలిసిన లెక్క ఒక్కటే ఉంది. అది రాసి, సంతకం పెట్టాడు. ఈసారి కింద పేరు పెద్దక్షరాలతో రాయలేదు.

మే నెలలో హాల్‌ఫోస్ గారు రాజధానిలో మళ్ళీ పత్రికా సమావేశం పెట్టారు. "మేం కూడా ఊహించని ఫలితం వచ్చింది. విమానంలో అయితే పదకొండు నిమిషాలు. విమానం లేకుండా ఒకటిన్నర నిమిషం! అంటే ఇన్నేళ్ళుగా ఆ విమానాశ్రయం ఒక్కొక్క తల్లి జీవితంలో తొమ్మిదిన్నర నిమిషాలు తినేస్తోంది. ఇక చూస్తూ ఊరుకోం" అన్నారు. ఆగస్టు ముప్ఫై ఒకటిన స్కార్విక్ విమానాశ్రయం మూసేస్తారు. ముగ్గురు సిబ్బందినీ తొలగిస్తారు.

జాకెట్లు మూడూ ఉతికి అప్పజెప్పాలని అర్న్‌ఫిన్‌కి మూడు ఉత్తరాలు వచ్చాయి. వాటితోపాటు అట్టపెట్టెలో కొత్త బోర్డు, నాలుగు మరలు వచ్చాయి.

ఆఖరి రోజున అతను నిచ్చెన ఎక్కి పాత బోర్డు విప్పి కొత్తది బిగించాడు. కింద బెంచీ మీద ఇంగ్‌విల్ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల గట్టిగా ఏడుస్తోంది. విమానం కోసం ఎదురుచూస్తున్న జర్మనీ యాత్రికుడు ఒకాయన తల పైకెత్తి బోర్డు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"స్కార్విక్ – ఈస్‌నెస్: ఒకటిన్నర నిమిషం. ఇది నిజమేనా అండీ?"

అర్న్‌ఫిన్ చివరి మర బిగించి నిచ్చెన దిగాడు. ఏడుస్తున్న పిల్లని అందుకుని భుజానికి ఎత్తుకున్నాడు.

"నిజమే" అన్నాడు. "నేనే లెక్కపెట్టాను."